దానశాసనంలో స్త్రీ: విజయపురి, రోము

ప్రాచీనకాలంలో స్త్రీకి ఎంత స్వాతంత్ర్యం ఉండేదన్న ప్రశ్నకు మన సాహిత్యలోకంలో రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. మొదటిది గర్వంతో చెప్పేది: మన పూర్వుల కాలంలో స్త్రీకి ఆస్తి ఉంది, అధికారం ఉంది, ఆమె దానాలు చేసింది, శాసనాలు వేయించింది, ఆమెను వంటింటికి పరిమితం చేసిన పాపం తరువాతి కాలానిది. రెండవది నిస్పృహతో చెప్పేది: స్త్రీ అన్ని కాలాలలోనూ బానిసే, రాణి అయినా ఒకటే, దాసి అయినా ఒకటే. ఈ రెండు జవాబులూ చరిత్రను చదివి చెప్పినవి కావు. మొదటిది కొందరు స్త్రీల వైభవాన్ని అందరి స్త్రీలకూ అంటగడుతుంది. రెండవది దాసిని కొట్టిన యజమానురాలికి కూడా దాసి కన్నీటిలో వాటా పంచి పెడుతుంది.

ఈ రెండింటినీ పరీక్షించటానికి తెలుగుదేశంలో ఒక గొప్ప సాక్ష్యం రాతిమీద మిగిలి ఉంది. క్రీ. శ. మూడవ శతాబ్దంలో కృష్ణాతీరాన విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు రాజ్యం చేశారు. 1926లో నాగార్జునకొండ లోయలో ఆ నగరపు శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం అక్కడ తవ్వకాలు జరిపించారు. నాగార్జునసాగర్ జలాలు లోయను ముంచకముందే ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించి నిలబెట్టారు. అక్కడి ప్రాకృత శాసనాలను చాలావరకు వోగెల్ పండితుడు పరిష్కరించి ప్రకటించాడు. వాటిని చదివినవారికి మొట్టమొదట తట్టే విశేషం ఒక్కటే: మహాచైత్యపు స్తంభాలమీద దాతలుగా కనిపించేది రాజులు కారు, రాజుల ఇంటి ఆడవారు.

ఇదే యుగంలో పశ్చిమాన రోమన్ సామ్రాజ్యంలోనూ పెద్దయింటి స్త్రీలు తమ పేర కట్టడాలు కట్టించారు, శాసనాలు చెక్కించారు. విజయపురికీ రోముకూ మధ్య సముద్రాలున్నా సంబంధం లేకపోలేదు. వీరపురుషదత్తుని రాణులలో ఒకరు ఉజ్జయిని రాజపుత్రి రుద్రధర భట్టారిక. ఆమె మహాచైత్యానికి ఒక రాతిస్తంభమూ, దానితో పాటు 170 దీనారి మాషకాలూ ఇచ్చింది. దీనారమన్న మాట రోమన్ నాణెం పేరునుంచి వచ్చింది. అప్పటికి రోముతో వర్తకం వెనుకటి జోరు మీద లేకపోయినా, దాని నాణెం పేరు మన రాణి నోట డబ్బు లెక్కగా నిలిచిపోయింది. హైదరాబాదులో ఇవాళ కొండాపూర్ అంటే హైటెక్ సిటీని ఆనుకుని ఉన్న మేడల పేట. సంగారెడ్డి దగ్గర అదే పేరుగల మరొక కొండాపూర్ ఉంది. 1940లలో అక్కడి దిబ్బను తవ్వినప్పుడు శాతవాహనుల నాణేలతో పాటు రోముతో వర్తకానికి గుర్తులూ దొరికాయి. కనుక ఈ రెండు సమాజాల స్త్రీలను పక్కపక్కన పెట్టి చూడటం చమత్కారం కోసం చేసే పని కాదు.

చూడవలసిన విషయం ఇది: దానశాసనంలో స్త్రీ పేరు ఉండటం ఆమె స్వాతంత్ర్యానికి గుర్తా, లేక ఆమె ఇంటి ప్రతిష్ఠకు గుర్తా? నా ఉద్దేశంలో రెండూను. అయితే ఆ రెండూ ఏ పాళ్లలో కలిశాయో తెలియాలంటే శాసనంలో ఉన్న పేర్లతో పాటు లేని పేర్లను కూడా లెక్కపెట్టాలి.

*

ముందుగా చాంతిసిరిని చూద్దాం. సంస్కృతంలో శాంతిశ్రీ. ఆమె ఇక్ష్వాకు వంశస్థాపకుడైన వాసిష్ఠీపుత్ర చాంతమూలునికి తోడబుట్టినది. పూకియ వంశానికి చెందిన మహాసేనాపతి, మహాతలవరుడు స్కందశ్రీకి భార్య. తలవరుడన్న ఈ బిరుదుకూ మన పల్లెటూరి తలారికీ సంబంధం ఉందని పండితులు ఊహించారు. ఆ మాట ఒక కాలంలో ఎంత ఎత్తున ఉండి ఎక్కడికి దిగిందో చూస్తే, మాటలకు కూడా కులీనత శాశ్వతం కాదని తెలుస్తుంది. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరం, వర్షఋతువు 6వ పక్షం, 10వ రోజున ఆమె మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది.

శాసనం ఆమెను మనకు ఎలా పరిచయం చేస్తుంది? మొదట అన్న. ఆయన చేసిన అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం. ఆయన దానమిచ్చిన బంగారం, గోవులు, నాగళ్లు. అటువంటి వాని సోదరి. తరువాత భర్త, ఆయన బిరుదులు. అటువంటి వాని భార్య. తరువాత కొడుకు. అతని తల్లి. ఇంతమంది మగవారి గుమ్మాలు దాటిన తరువాత గాని మనకు చాంతిసిరి దర్శనం కాదు. వాక్యం నిండా షష్ఠీ విభక్తులే. ఆమె ఎవరిదో ముందు తేలాలి. తరువాతే ఆమె ఎవరో.

పోనీ, ఇక్ష్వాకు రాజులు తల్లుల పేర చెప్పుకున్నారు కదా, వాసిష్ఠీపుత్రుడు, మాఠరీపుత్రుడు అని. ఇది మాతృస్వామ్యానికి గుర్తు కాదా అని కొందరు అడుగుతారు. కాదు. వాసిష్ఠి, మాఠరి అన్నవి ఆ తల్లుల స్వంత పేర్లు కావు. వారి పుట్టింటి గోత్రాల పేర్లు. గోత్రం తండ్రిది. కొడుకు తన పేరులో తల్లిని మోస్తున్నట్టు కనిపిస్తున్నాడు గాని, నిజానికి తల్లివైపు తాతను మోస్తున్నాడు. అంతకు ముందు శాతవాహనుల ఇంట గౌతమీపుత్రుని తల్లి బాలశ్రీ నాసికలో వేయించిన శాసనంలోనూ ఇదే పద్ధతి. ఆమె మహారాజు తల్లి, మహారాజు నాయనమ్మ. ప్రశస్తి అంతా కొడుకుది. దానం మాత్రం ఆమెది.

అయితే ఇక్కడ మరొక మెలిక ఉంది. వీరపురుషదత్తుడు తన మేనత్తల కూతుళ్లను పెళ్లాడాడు. చాంతమూలుని మరొక సోదరి హమ్మసిరి కూతుళ్లు బాపిసిరినిక, ఛఠిసిరి అతని రాణులు. చాంతిసిరి 6వ సంవత్సరపు శాసనంలో రాజుకు మేనత్త. 18వ సంవత్సరానికి వచ్చేసరికి ఆమె అదే రాజును తన అల్లుడని చెప్పి, అతని ఆయుష్షూ విజయమూ కోరి దానం చేసింది. మనకు మేనరికం వింత కాదు. తెలుగు పల్లెల్లో ఇవాళ్టికీ దానికి చెప్పే కారణం ఒకటే: ఇచ్చిన పొలం ఎటూ పోదు. రాజ్యానికి కూడా అదే లెక్క వర్తించింది. ఆడపిల్లను సేనాపతి ఇంటికి ఇచ్చారు. సేనాపతి బలం రాజుకు వచ్చింది. సేనాపతి కూతురిని తిరిగి తెచ్చుకున్నారు. పోయిన పసుపుకుంకుమల సొమ్ము కూడా తిరిగి వచ్చింది. చాంతమూలుని కూతురు అడవి చాంతిసిరిని ధనక వంశపు మహాసేనాపతికి ఇచ్చారు. వీరపురుషదత్తుని కూతురు కొడబలిసిరిని వనవాస మహారాజుకు ఇచ్చారు. ఉజ్జయిని పిల్లను తెచ్చుకున్నారు. ఈ స్త్రీలు నడిచిన దారులు గీస్తే అది ఆ రాజ్యపు రక్షణ వ్యవస్థకు పటమవుతుంది.

*

ఇప్పుడు రోముకు పోదాం. అక్కడి కులీన స్త్రీకి చాలాకాలం స్వంతపేరే లేదు. కార్నీలియస్ ఇంటి ఆడపిల్ల కార్నీలియా; జూలియస్ ఇంటి ఆడపిల్ల జూలియా. ఇద్దరుంటే పెద్ద, చిన్న. ఎక్కువమంది ఉంటే రెండవది, మూడవది అని వరస. మన చాంతిసిరికి కనీసం తల్లిదండ్రులు ముద్దుగా పెట్టిన పేరొకటి ఉంది. ఈ విషయంలో విజయపురి రోముకన్న మేలు.

ఆస్తి విషయంలో రోమన్ స్త్రీ పరిస్థితి చిత్రమైనది. సామ్రాజ్యకాలానికి సామాన్యంగా జరిగే పెళ్లిలో భార్య చట్టరీత్యా భర్త కుటుంబంలో చేరదు, పుట్టింటిదిగానే ఉంటుంది. ఆమె ఆస్తి ఆమెదే. భర్తకు దానిమీద హక్కు లేదు. భార్యాభర్తలు ఒకరికొకరు పెద్ద కానుకలు ఇచ్చుకోవటాన్ని కూడా చట్టం ఒప్పుకోలేదు. ఇది చదివి మన ఆధునికులు ముచ్చట పడతారు. కాని తండ్రి ఉన్నంతకాలం ఆమె తండ్రి అధికారం కింద ఉంటుంది. తండ్రి పోతే సంరక్షకుడు వస్తాడు. ముఖ్యమైన లావాదేవీలకు అతని అనుమతి కావాలి. ఈ సంరక్షణ తప్పించుకోవటానికి ఆగస్టస్ చక్రవర్తి ఒక దారి చూపించాడు: స్వతంత్ర స్త్రీ ముగ్గురు పిల్లలను కంటే ఆమెకు విముక్తి, బానిసత్వం నుంచి విడుదలైన స్త్రీ అయితే నలుగురిని కనాలి. స్వాతంత్ర్యానికి కాన్పుల్లో వెల కట్టిన చట్టమది. అందులోనూ బానిసగా ఉండి వచ్చినదానికి ఒక కాన్పు ఎక్కువ! వర్గభేదం పురిటిగదిలోకి కూడా ఎలా ప్రవేశిస్తుందో చెప్పటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మరొక సంగతి. పుట్టింటి మనిషిగా ఉండిపోయిన ఆ తల్లికి చట్టం దృష్టిలో తన కన్నబిడ్డలే పరాయి కుటుంబం. తల్లి ఆస్తికి పిల్లలు ముందు వరస వారసులు కావటానికి క్రీ. శ. 178లో సెనేటు ప్రత్యేకంగా నిర్ణయం చేయవలసి వచ్చింది. భర్తనుంచి ఆమె ఆస్తికి రక్షణ ఉన్న మాట నిజమే. ఆ రక్షణ ఆమె కోసం కాదు, ఆమె పుట్టింటి కోసం. మనవారు మేనరికంతో చేసిన పనినే రోమన్లు సంరక్షకునితో చేశారు. రెండుచోట్లా కులీన స్త్రీ ఇంటి భోషాణానికి వేసిన తాళం. తాళం బంగారంతో చేసినది కావచ్చు. బీగంచెవి మాత్రం ఆమె కొంగున లేదు.

మరి ఆమె కట్టించిన కట్టడాల మాట ఏమిటి? పాంపేయీ నగరంలో యూమాకియా అనే పూజారిణి క్రీ. శ. మొదటి శతాబ్దపు తొలిపాదంలో నగర కూడలిలోనే ఒక పెద్ద భవనం స్వంత ఖర్చుతో కట్టించింది. ఆమె తండ్రి ఇంటి సంపదకు మూలం ద్రాక్షసారాయమూ, దానిని నింపే మట్టి జాడీలూ. శాసనంలో తన పేరుతో పాటు కొడుకు పేరు చేర్చింది. దానగుణం ఆమెది, ఆ ఊరి రాజకీయాలలో దాని ఫలం కొడుకుది. చిన్న ఆసియాలోని పెర్గా నగరంలో ప్లాంకియా మాగ్నా అనే ఆమె క్రీ. శ. 121 ప్రాంతాన నగరద్వారాన్ని వైభవంగా తీర్చిదిద్దింది. అక్కడ మాత్రం ఒక ఆశ్చర్యం కనిపిస్తుంది. ఆ ద్వారంలో నిలిపిన విగ్రహాల పీఠాలమీద ఆమె తండ్రిని ప్లాంకియా తండ్రి అనీ, సోదరుని ప్లాంకియా సోదరుడు అనీ చెక్కారు. షష్ఠీ విభక్తి తిరగబడింది! మగవాడు ఎవరివాడో ముందు తేలాలి, తరువాతే అతడెవరో.

విజయపురిలో చాంతిసిరి రాజును తన అల్లుడని చెప్పుకోవటం కూడా ఇటువంటిదే. అన్నకు చెల్లెలుగా ప్రవేశించిన స్త్రీ పన్నెండేళ్ల తరువాత రాజుకు అత్తగా నిలబడింది. నలువైపులా బిగించిన ఆ బంధుత్వపు వాక్యంలోనే కొంచెం చోటు చేసుకుని ఒదిగి నిలబడటం ఆమె నేర్చుకుంది.

*

దానం స్వభావాన్ని ఇంకొంచెం విచారించాలి. మేనరికమైనా సంరక్షకుడైనా చేసే పని సొమ్మును ఇంట్లో నిలపటం. చైత్యానికి ఇచ్చిన సొమ్ము మాత్రం ఇల్లు దాటిపోతుంది; తిరిగి రాదు. పెళ్లి పేర, వారసత్వం పేర స్త్రీ చేతులమీదుగా ఎంత ఆస్తి నడిచినా దానిని నడిపించింది ఆమె కాదు. దానంలో మాత్రం కర్త ఆమె. యజ్ఞాలు చేసి పేరు తెచ్చుకున్న అన్న వేదమార్గాన ఉండగా, చెల్లెలు బుద్ధుని ధాతువుకు స్తంభాలు నిలిపింది. ఇంట్లో ఇది కలతకు కారణమైన జాడ లేదు. రాజ్యానికి రెండూ కావాలి: సింహాసనానికి అశ్వమేధం కావాలి, వర్తకులతో, శ్రేణులతో, దేశాంతర భిక్షువులతో నిండిన నగరానికి సంఘం కావాలి. మగవారు మొదటిది చూసుకున్నారు. రెండవది ఆడవారికి వదిలారు. ఇది రాజనీతి. కాని ఆ వదిలిన చోటులోనే ఆ స్త్రీలు తమకంటూ ఒక కోరిక చెప్పుకోగలిగారు. చాంతిసిరి తన రెండు కులాలవారినీ, అంటే పుట్టింటినీ మెట్టినింటినీ, గడిచినవారిని, ఉన్నవారిని, రాబోయేవారిని తలుచుకుంది. లోకానికంతకూ హితం కోరింది. వీటితో పాటు తనకు నిర్వాణసంపద కావాలని అడిగింది. ఆ సుదీర్ఘ వాక్యంలో ‘తనకు’ అన్న మాట వచ్చేది ఇక్కడే. అన్న కోసమూ కాదు, భర్త కోసమూ కాదు. దీనిని తీసివేయటానికి వీలులేదు. స్త్రీ అన్ని కాలాలలోనూ బానిసే అన్నవారు ఈ ఒక్క మాటకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

అయితే ఆ శాసనమే మొదటి వర్గంవారికి కూడా ఒక ప్రశ్న వేస్తుంది. చాంతిసిరి శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు, దరిద్రులకు ధారాళంగా దానం చేసేదని ఆ శాసనం పొగుడుతుంది. బౌద్ధ కథల్లోని వేలాముని దానంతో పోలుస్తుంది. దరిద్రులు శాసనంలోకి వచ్చారు, సంతోషమే. కాని ఏ విభక్తిలో వచ్చారు? చతుర్థిలో. పుచ్చుకునేవారుగా వచ్చారు గాని, ఆ స్తంభాన్ని మలిచినవారుగా, ఆ సున్నపురాయిని గనినుంచి తెచ్చినవారుగా రాలేదు. ఇచ్చే సొమ్ము ఎవరి కష్టంనుంచి పుట్టిందో చెప్పని దానశాసనం సగం చెరిపిన లెక్కల పుస్తకం. ఆనందుడనే భిక్షువు మహాచైత్యపు పని పూర్తి చేయించాడని అక్కడి శాసనాలు చెబుతాయి. దీఘ, మజ్ఝిమ నికాయాలు కంఠస్థం చేసిన పండితుడాయన. చేయించినవాడు తెలిశాడు. చేసినవాడెవడు?

ఈ ప్రశ్నకు అదే లోయలో మరొక స్త్రీ జవాబు మిగిల్చింది. ఆమె బోధిసిరి అనే ఉపాసిక. రాచబిడ్డ కాదు, గృహపతుల ఇంటి ఆడపడుచు. వీరపురుషదత్తుని 14వ సంవత్సరంలో సింహళ భిక్షువుల కోసం చిన్న ధర్మగిరిమీద చైత్యగృహం కట్టించింది. అంతటితో ఆగక వేరు వేరు చోట్ల మండపాలు, గదులు, ఒక చెరువు ఇచ్చింది. వాటిలో ఒక రాతిమండపం కంటకసోలలో, అంటే నేటి ఘంటసాలలో. ఆమె శాసనంలోనూ బంధువుల జాబితా పొడుగైనదే. కాని చివర పని చూసిన ముగ్గురు భిక్షువుల పేర్లు చెప్పి, దాని తరువాత ఒక చిన్న వాక్యముంది: ఇది రాతిపనివాడు విధికుని పని అని.

విధికుడు! రాజు కాడు, తలవరుడు కాడు, భిక్షువు కాడు. సుత్తీ ఉలీ పట్టిన మనిషి. పదిహేడు వందల సంవత్సరాలు దాటి అతని పేరు మన చేతికి వచ్చింది. రాణుల స్తంభాలకు లేని పరిపూర్ణత ఈ సాధారణ గృహిణి శాసనానికి దీనివల్ల వచ్చిందని నేనంటాను. చేతిపనికి దగ్గరగా బతికే ఇంటినుంచి వచ్చినందువల్ల ఆ పేరు ఆమెకు అవసరమనిపించిందా, లేక విధికుడే తన చేతిలో ఉన్న ఉలితో తన పేరు తాను నిలుపుకున్నాడా? ఏది నిజమైనా మనకు సంతోషమే.

రోములోనూ ఇటువంటి పేర్లు దొరికాయి. అవి యజమానుల శాసనాలలో కాదు. ఆగస్టస్ భార్య లివియా పరివారంలోని బానిసలూ, విడుదలైన బానిసలూ తమ అస్థికలు దాచుకున్న ఒక సమాధిశాల 1726లో ఆప్పియన్ మార్గం పక్కన బయటపడింది. అక్కడి చిన్న చిన్న పలకలమీద పేర్లున్నాయి, పేర్లతో పాటు పనులున్నాయి: తల దువ్వేది, ఒళ్లు పట్టేది, బట్టలు చూసేవాడు, ముత్యాలు కూర్చేవాడు. లివియా అలంకారం ఎంతమంది చేతుల పనో ఆ గోడ చెబుతుంది. ఆగస్టస్ మాత్రం తాను ఇంట్లో కట్టే బట్టలు భార్యా, చెల్లెలూ, కూతురూ స్వయంగా తయారు చేసినవేనని లోకానికి చాటుకున్నాడు. రోమన్ సమాధిరాళ్లు కూడా ఆదర్శగృహిణిని ఉన్ని వడికిందనీ, ఇల్లు కాపాడిందనీ పొగడటం పరిపాటి. దాసీలు వడికిన నూలు యజమానురాలి శీలమయింది!

ఆ నూలుపోగు పట్టుకుని వెనక్కు వస్తే మన తీరం చేరతాం. క్రీ. శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ‘పెరిప్లస్’ గ్రంథం మసాలియా ప్రాంతంలో నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెబుతుంది. ఆ మసాలియా మన కృష్ణా ముఖద్వారపు సీమేనని పండితుల నిర్ణయం. అదే శతాబ్దంలో ప్లినీ, భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తున్నదని లెక్క చెప్పి, మన విలాసాలూ మన ఆడవాళ్లూ మనకు ఇంత ఖర్చు తెస్తున్నారని వాపోయాడు. లోలియా పాలినా అనే కులీన స్త్రీ ఒక మామూలు నిశ్చితార్థపు విందుకు 4 కోట్ల సెస్టర్సుల ముత్యాలూ పచ్చలూ పెట్టుకుని వచ్చిందని కూడా ఆయనే వ్రాశాడు. అవి ఆమె తాత పరగణాలను పీడించి కూడబెట్టిన సొత్తు అని చెప్పటం మాత్రం మరచిపోలేదు. ప్లినీ దృష్టి ఇక్కడ పదునైనది. కాని నిందను చివరికి ఎవరిమీద వేశాడు? దోచిన తాతను ఒక వాక్యంలో దాటించి, నగ పెట్టుకున్న మనవరాలిని లోకానికి చూపించాడు. జువెనాల్ తన ఆరవ వ్యంగ్యకావ్యం నిండా ఇదే పని చేశాడు. జుట్టు ముడి సరిగా రాలేదని దాసిని కొరడాతో కొట్టే యజమానురాలిని చిత్రించి మనల్ని నవ్వించబోయాడు. ఆ దాసి వీపు ఆయనకు హాస్యానికి ఉపకరణం మాత్రమే. కులీన స్త్రీని పొగిడిన శాసనకర్తా, ఎగతాళి చేసిన కవీ ఇద్దరూ ఒకేచోట చూపు ఆపుకున్నారు. ఇద్దరికీ ఆమె వెనుక నిలబడిన మనిషి కనపడలేదు.

*

మన చారిత్రక నవలకు వద్దాం. అడివి బాపిరాజు (1895–1952) ఇక్ష్వాకు రాజపుత్రి పేరును శిలనుంచి తీసి ‘అడివి శాంతిశ్రీ’ అన్న నవల వ్రాశాడు. శాసనం ఆమెను కూతురు, చెల్లెలు, భార్య అని చెప్పి ఊరుకుంది. నవల ఆమెకు మనసిచ్చింది. ఇది చిన్న ఉపకారం కాదు. తెలుగువారిలో చాలామందికి విజయపురి ఒకటుండేదని తెలిసింది పాఠ్యపుస్తకం వల్ల కంటె బాపిరాజు వల్లనే. ఆయన చిత్రకారుడు; అమరావతి, నాగార్జునకొండ పలకలమీది స్త్రీమూర్తులను రంగులతో దించి మన ముందు నడిపించగలిగాడు. ఆ శక్తికి నమస్కరించవలసిందే. నమస్కరించిన తరువాత ఒక మాట అడగవలసిందే. ఆ పలకలు చెక్కిన చేతులు ఎక్కడ? చారిత్రక నవలను ప్రణయానికీ పరాక్రమానికీ అప్పగించిన ఆ తరం అంతా ప్రాచీనాంధ్ర వైభవాన్ని నిలబెట్టటమే దీక్షగా పెట్టుకుంది. పరాయి పాలనలో ఉన్న జాతికి ఆ వైభవం అవసరమయింది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రకటించి, రాజుల చరిత్ర వేరు, జనుల చరిత్ర వేరు అని చూపించిన తరువాత, ఆ అవసరం తీరిన తరువాత కూడా మన నవల అంతఃపురం దాటి రాతిగనివైపు వెళ్లటానికి ఎందుకు సంకోచిస్తున్నది? విధికుడు నాయకుడుగా, బోధిసిరి నాయికగా ఒక నవల వ్రాయటానికి వస్తువు కావలసినంత ఉన్నది. చాంతిసిరిని అందులోనుంచి వెళ్లగొట్టనక్కరలేదు. ఆమె స్తంభం నిలుపుతున్న రోజున, స్తంభం ఎత్తుతున్నవారిని కూడా అదే పేజీలో చూపిస్తే చాలు.

ఇది పాతకాలపు తగవు కాదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడల మీదుగా ఒక కొత్త విజయపురి లేచింది. అందులో స్వంత జీతంతో, స్వంత పేరుతో బతుకుతున్న స్త్రీలు వేలకొద్దీ ఉన్నారు. వీరిని రాచవనితలనటం అన్యాయం. వారిది పుట్టుకతో వచ్చిన సంపద కాదు, రాత్రింబగళ్లు చేసే ఉద్యోగం. కాని వీరిమీద మనవాళ్లు వ్రాసే తీరులో పాత రెండు జవాబులే మళ్లీ వినిపిస్తున్నాయి. ఒక కథలో ఆమె స్త్రీ విముక్తికి పతాక. ఆమె పేర ఇల్లుంది, కారుంది, కనుక సమస్య తీరిపోయింది. ఇంటి వాయిదా ఆమె జీతంలోనుంచి పోతుంది నిజమే. ఆ ఇల్లు అమ్మాలా వద్దా అన్న మాట ఎవరి నోట వస్తుందో కథకుడు అడగడు. కొంగున బీగంచెవి ఉందా లేదా అన్నది మూడవ శతాబ్దపు ప్రశ్నే. మరొక కథలో ఆమె విలాసవతి. ఆమె ఖర్చు, ఆమె బట్టలు, ఆమె వారాంతపు విందులు కుటుంబాన్ని చెడగొడుతున్నాయి. ఇది ప్లినీ పాడిన పాటే. ఆ విలాసాన్ని తయారుచేసి అమ్మి లాభం గడించేవారిని దాటించి, కొనుక్కున్న పిల్లను మాత్రం బోనులో నిలబెట్టటం.

ఈ రెండు కథలలోనూ లేని స్త్రీ ఒకరున్నారు. తెల్లవారకముందే ఆ మేడల్లోకి వచ్చి నేల తుడిచేది, పిల్లను ఎత్తుకునేది, అంతకుముందు ఆ మేడకు పాలమూరునుంచి వచ్చి ఇటుకలు మోసినది. నేను పాఠం చెప్పే ఆడపిల్లల్లో కొందరి తల్లులు ఆ ఇళ్లలో పనిచేసే కూతుళ్ల ఫీజులు కడుతున్నారు. ఆ పిల్లల్లో కొందరు రేపు ఆ కార్యాలయాల్లోనే ఉద్యోగులవుతారు. అప్పుడు ఒకే ఇంట్లో కట్టించినదీ కట్టినదీ తల్లీకూతుళ్లుగా ఉంటారు. ఈ వస్తువు ఇంతవరకు ఏ యుగపు కథకునికీ ఇంత దగ్గరగా రాలేదు. దీనిని వ్రాయటానికి పొగడ్తా చాలదు, వెక్కిరింతా చాలదు. తల్లి చేతికున్న కాయలనూ, కూతురు మెడలో ఉన్న గుర్తింపు కార్డునూ ఒకే వాక్యంలో చెప్పగల వచనం కావాలి.

రాచవనిత స్తంభం అబద్ధం కాదు. అది చెప్పిన నిజం సగం. ఆ సగాన్ని పూర్తిచేసే పని శిల్పికి రాణి అప్పగించలేదు. బోధిసిరి శాసనంలో అది జరిగింది. ఒక చిన్న వాక్యం చేరినందువల్ల ఆ దానపు విలువేమీ తగ్గలేదు. ఈ నగరం గురించి మన రచయితలు వేయిస్తున్న శాసనాలలో ఆ చివరి వాక్యానికి చోటు విడిచిపెట్టాలి. రేపటివాళ్లు మొదట వెతికేది దానినే.